హీబ్రూ తొలి అక్షరం ఆలెఫ్ (א): పుట్టుక తెలుసుకుని రాయడం ఎలా?

ముందు ఇంగ్లీషు పెద్దబడి 'ఏ' (A)ని కాగితం మీద పెద్దగా రాసి, కాగితాన్ని తలకిందులు చేయండి. కింద మూతి, పైన రెండు కొమ్ములు: ఎద్దు తల. ప్రాచీన సెమిటిక్ భాషల్లో (హీబ్రూ, అరమాయిక్ వంటివి ఈ కుటుంబానివే) ఆలెఫ్ అంటే ఎద్దే. ఈజిప్టులోని సినాయిలో సెరాబిత్ అల్ ఖాదిం దగ్గర 1905లో పురావస్తు పరిశోధకుడు ఫ్లిండర్స్ పెట్రీకి దొరికిన రాతి చెక్కడాల్లో ఈ ఎద్దు తల గుర్తు ఉంది. 1916లో ప్రాచీన ఈజిప్టు భాషా పండితుడు అలన్ గార్డినర్ ఆ గుర్తుల్లో 'బఅలత్' అనే దేవత పేరు చదవగలిగాడు. బొమ్మ పేరులోని మొదటి ధ్వనినే ఆ బొమ్మకు విలువగా తీసుకోవడం అతను పట్టుకున్న కీలకం.

ఇప్పుడు కాగితాన్ని మామూలుగా పెట్టి, 'ఏ' మొన ఎడమకు వచ్చేలా పక్కకు తిప్పండి. అడ్డగీత నిలువుగా మారుతుంది. దాన్ని పైకీ కిందికీ కొంచెం పొడిగిస్తే ఫినీషియన్ (నేటి లెబనాన్ తీరపు ప్రాచీన ప్రజల) ఆలెఫ్. ఈ రూపమే గ్రీకుల చేతిలో ఆల్ఫా అయింది. అరమాయిక్ రాతలో నిలువు గీత వాలిపోయింది, కొమ్ములు విడిపోయి దానికి చెరోవైపు చేరాయి. బబులోను చెర (బబులోనులో బందీలుగా ఉన్న కాలం) తర్వాత యూదులు క్రమంగా తీసుకున్నది ఈ అరమాయిక్ లిపినే. నేటి చతురస్రాకార ఆలెఫ్ దానినుంచే వచ్చింది.

సరంజామా: 3 మిల్లీమీటర్ల వెడల్పు పాళీ ఉన్న కాలిగ్రఫీ పెన్ను. లేకపోతే రెండు పెన్సిళ్లను రబ్బరుబ్యాండుతో కట్టినా చాలు. అక్షరం ఎత్తు పాళీ వెడల్పుకు 4 రెట్లు, అంటే 12 మిల్లీమీటర్లు. అంత ఎడంగా రెండు గీతలు గీయండి. హిందీలాగే హీబ్రూ అక్షరాలు కూడా పై గీతకు వేలాడతాయి, కాబట్టి చూపు పై గీత మీదే ఉండాలి.

1. పాళీ అంచును 45 డిగ్రీల వాలులో, కుడి కొస పైకి ఉండేలా పట్టండి. పై గీత దగ్గర ఎడమ మూల నుంచి కింది గీత దగ్గర కుడి మూలకు ఒకే ఊపులో ఏటవాలు గీత లాగండి. ఇది పూర్తి మందంతో పడాలి. సన్నగా వచ్చిందంటే మణికట్టు తిరిగిపోయినట్టే.

2. అక్షరం కుడి చేయి: పై గీత దగ్గర కుడివైపు చిన్న మందపాటి తల వేసి, పాళీ ఎత్తకుండా ఎడమకు కిందికి జారుస్తూ సన్నని మెడతో ఏటవాలు గీతను తాకించండి. తాకే చోటు నడిమికి కాస్త కుడిగా ఉండాలి.

3. అక్షరం ఎడమ కాలు: ఏటవాలు గీత పైనుంచి మూడో వంతు దగ్గర మొదలుపెట్టి, సన్నగా ఎడమకు దించి, కింది గీత మీద మందపాటి పాదంతో ఆపండి.

చేయి, కాలు రెండూ ఒకే చోట కలిస్తే అది ఆలెఫ్ కాదు, గుణకారం గుర్తు. కొత్తవారు ఎక్కువగా చేసే పొరపాటు ఇదే. తల ఏటవాలు గీతకు అంటుకుపోవడం రెండోది. తోరా (యూదుల పవిత్ర గ్రంథం) చుట్టలు రాసే లేఖకుడికి (సోఫేర్) ఇది చిన్న విషయం కాదు: మెడ మాత్రమే తాకాలి, తల తాకితే అక్షరం చెల్లదు. అంటుకున్న సిరాను గీకేసి రూపం తెప్పించడానికీ వీల్లేదు. రూపం రాతతోనే రావాలి.

ఇక పలకడం. ఆలెఫ్‌ను 'అ' అనుకోకండి. ఇది హల్లు, గొంతు క్షణం బిగిసి వదిలే ధ్వని. నేటి మాటల్లో అది తరచు వినిపించదు కూడా. అచ్చు వేరే గుర్తు నుంచి వస్తుంది. ఆవ్ (నాన్న), ఎమ్ (అమ్మ), ఈష్ (మనిషి), ఓర్ (వెలుగు) నాలుగూ ఆలెఫ్‌తోనే మొదలవుతాయి. అంకెగా దీని విలువ 1.

సాధనకు 119వ కీర్తన తీసుకోండి. తెలుగు బైబిల్లో ఆ కీర్తన మొదట్లో 'ఆలెఫ్' అన్న మాట చూసే ఉంటారు. హీబ్రూ మూలంలో మొదటి 8 వచనాలూ ఆ అక్షరంతోనే మొదలవుతాయి. హీబ్రూ ప్రతిలో వరుస కుడి అంచు నుంచి చూస్తూ ఆ 8 మొదటి పదాలు రాయండి. ఏడోది 'ఓ' అని, ఎనిమిదోది 'ఎ' అని పలుకుతుంది. రాసే అక్షరం మాత్రం అదే.