మైటర్ సాతో కోణం తప్పకుండా కోయడం ఎలా?

ఫ్రేముకి మూడు మూలలు చక్కగా కుదిరి, నాలుగో మూల విచ్చుకుంటే దాన్ని పుట్టీతో పూడ్చేసేవాళ్లను చూసినప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది. తప్పు చెక్కది కాదు. మైటర్ సా (చెక్కను కావలసిన కోణంలో కోసే మిషన్) ముల్లు 45 డిగ్రీల మీద ఉంది కదా అని గుడ్డిగా నమ్మడం వల్లే ఇదంతా. నాలుగు మూలలంటే ఎనిమిది కోతలు. ఒక్కోదానిలో అర డిగ్రీ చొప్పున ఒకేవైపు తప్పినా చివరి మూలకు 4 డిగ్రీలు పోగవుతాయి.

ప్లగ్ పీకేయండి. బల్ల మీద, ఫెన్స్ (కోసేటప్పుడు చెక్కను ఆనించే నిలువు పట్టీ) దగ్గర పొట్టు దులపండి. మంచి మూలమట్టం (90 డిగ్రీలు చూసే L ఆకారపు పనిముట్టు), బోల్టులు తిప్పే అలెన్ కీ ఉంటే చాలు.

ముల్లు సున్నా మీద పెట్టి, బ్లేడు కిందికి దించి, మూలమట్టాన్ని ఒకవైపు ఫెన్స్‌కి, ఇంకోవైపు బ్లేడుకి ఆనించండి. ఎక్కువమంది పొరపాటు చేసేది ఇక్కడే. పళ్లు బ్లేడు కంటే కాస్త పక్కలకు పొడుచుకొచ్చి ఉంటాయి. మూలమట్టం పంటికి తగిలితే కొలతంతా తప్పే. రెండు పళ్ల మధ్య సందులోంచి పోనిచ్చి, బ్లేడు రేకుకే ఆనించాలి. మధ్యలో వెలుతురు కనిపిస్తే ఫెన్స్ బోల్టులు వదులు చేసి సరిచేయండి. కొన్ని మిషన్లలో ఫెన్స్‌కి బదులు డిగ్రీల పలకను జరపాలి. బోల్టును ఒక్కసారిగా బిగిస్తే ఫెన్స్ మళ్లీ కదులుతుంది. అటొక పావు చుట్టు, ఇటొక పావు చుట్టు బిగిస్తూ మధ్యమధ్యలో చూసుకోండి.

ఇంత చేసినా కోసి చూడందే నమ్మొద్దు. ప్లగ్ పెట్టి, రెండంచులూ సమాంతరంగా ఉన్న 100 మి.మీ. వెడల్పు పలకను అడ్డంగా కోయండి. ఒక ముక్కను బోర్లా తిప్పి, రెండింటినీ ఫెన్స్‌కి ఆనించి కోసిన అంచులు కలపండి. తప్పుంటే ఇప్పుడు రెట్టింపై కనిపిస్తుంది. అర డిగ్రీకే 1.7 మి.మీ. సందు వస్తుంది. డిజిటల్ యాంగిల్ మీటర్లు కొనకండి. మిషన్ నిజంగా ఎలా కోస్తోందో చెక్కే చెబుతుంది.

బ్లేడు బల్లకు నిటారుగా ఉందో లేదో కూడా మూలమట్టంతో చూడండి, మళ్లీ ప్లగ్ తీశాకే.

ఇక 45. రెండు ముక్కలు కోసి కలిపి, లోపలి మూలలో మూలమట్టం పెట్టండి. చిటికెడు తేడా ఉంటే ఫెన్స్‌కీ చెక్కకీ మధ్య ఒకవైపు చివర కాగితం ముక్క పెట్టి కోయండి. కోణంలో కోసేటప్పుడు చెక్క ఫెన్స్ వెంట జారుతుంది కాబట్టి చేత్తో పట్టుకోకుండా క్లాంపు వేయాల్సిందే.

ఫ్రేములో ఎదురెదురు పట్టీలను స్టాప్ బ్లాక్ (పట్టీ చివర ఆనేలా బిగించే దిమ్మ) పెట్టి ఒకే పొడవుకి కోయండి. పొడవులో తేడా వస్తే, కోణాలన్నీ సరిగ్గా ఉన్నా మూల కలవదు.