చుట్టాలు రాకముందే పిల్లలకు చెప్పి ఉంచండి

ఇంటికి ఎవరైనా రాగానే "నమస్తే పెట్టు, పేరు చెప్పు, రైమ్ పాడు" అని పిల్లల్ని అందరి ముందూ తొందరపెడతాం. వాళ్లేమో అమ్మ వెనక దాక్కుంటారు. "మా వాడికి సిగ్గెక్కువండీ" అనే మాట కూడా అక్కడే పడిపోతుంది. దయచేసి ఆ మాట పిల్లల ముందు అనకండి, విని ఇంకా ముడుచుకుపోతారు.

చుట్టాలు రావడానికి ఓ పావుగంట ముందే దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పండి. "నాన్న వాళ్ల అక్క వస్తోంది, నీకు అత్తయ్య అవుతుంది. మొన్న పెళ్లిలో నీకు బూరెలు తినిపించింది చూడు, ఆవిడే." ఫోన్‌లో ఫొటో ఉంటే చూపించండి. ముఖం, వరస తెలిస్తే సగం బెరుకు పోతుంది.

తర్వాత ఒక చిన్న పని అప్పజెప్పండి. మంచినీళ్లు ఇవ్వడం అన్నిటికన్నా తేలిక. చిన్న స్టీలు గ్లాసు, అందులో ముప్పావు వంతే నీళ్లు, కింద ఓ పళ్లెం. "అత్తయ్యా, మంచినీళ్లు" అంటే చాలు. చేతిలో పని ఉంటే మాట దానంతటదే వస్తుంది. ముందు రోజు ఇంట్లోనే ఆటలాగా చేయించండి. నాన్న బయటికి వెళ్లి, బెల్ కొట్టి చుట్టంలా లోపలికి వస్తే పిల్లలకు భలే సరదా.

ముద్దు పెట్టమని, ఒళ్లో కూర్చోమని మాత్రం బలవంతం చేయొద్దు. దండం పెడితే చాలు. ఆ రోజు అసలు నోరు విప్పకపోయినా వదిలేయండి. వాళ్లు వెళ్లాక "నీళ్లు ఒలక్కుండా ఇచ్చావు" అని, చేసిన పనినే చెప్పి మెచ్చుకోండి.