అమ్మకు వచ్చిన గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నాకూ వస్తుందా? ఇంట్లో ఏం అడగాలి, ఏ పరీక్ష చేయించుకోవాలి

శ్రీకాకుళం జిల్లాలో ఓ ప్రభుత్వాసుపత్రిలో ఆడవాళ్లకు స్క్రీనింగ్ చేసే నర్సుని. అమ్మ రిపోర్టులు సంచిలో పెట్టుకుని వచ్చిన కూతుళ్లు, అన్ని మాటలూ అయ్యాక గొంతు తగ్గించి అడిగేది ఒకటే: "సిస్టర్, ఇది మాకూ వస్తుందా? రక్తంలోనే ఉంటుందంటగా?" వాళ్లకు ఏ వరసలో చెబుతానో అదే వరసలో ఇక్కడ రాస్తున్నాను.

ఈ క్యాన్సర్‌కు దాదాపు ప్రతిసారీ మూలం హెచ్‌పీవీ అనే వైరస్. నూటికి డెబ్బై కేసుల్లో ఆ వైరస్‌లోని 16, 18 రకాలే కారణం. ఈ సంగతి బయటపెట్టిన జర్మన్ శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హౌజెన్‌కు 2008లో నోబెల్ ఇచ్చారు. కాబట్టి అమ్మ కడుపులోంచి మనకు క్యాన్సర్ రాదు. వస్తే గిస్తే, ఆ వైరస్‌ను ఒళ్లు ఎంత తొందరగా వదిలించుకోగలదన్న తీరు రావచ్చు. ఈ తేడా మనసుకు పట్టించుకుంటే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

ముందు కాగితం వెతకండి

మన ఇళ్లలో అన్నిటినీ కలిపి "గర్భసంచి క్యాన్సర్" అనేస్తారు. అది గర్భసంచి మూతి (ముఖద్వారం) దగ్గరిదా, లోపలి పొరదా, అండాశయానిదా అన్నది తేలకుండా వంశం గురించి ఏం మాట్లాడినా గాలిలో మాటే. అమ్మ బయాప్సీ (చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) రిపోర్టు తీయండి. పైన స్పెసిమెన్ అన్నచోట సర్విక్స్ (ముఖద్వారం) అని ఉందా, ఎండోమెట్రియం (లోపలి పొర) అని ఉందా చూడండి. తర్వాత అడుగున ఇంప్రెషన్ అన్న వరస చదవండి. అక్కడ స్క్వామస్ సెల్ కార్సినోమా అని ఉంటే అది వైరస్‌తో వచ్చే మామూలు రకం. అడినోకార్సినోమా అని ఉన్నా ఎక్కువసార్లు వైరస్‌దే. కానీ గ్యాస్ట్రిక్ టైప్ అనో, హెచ్‌పీవీ ఇండిపెండెంట్ (వైరస్‌తో సంబంధం లేనిది) అనో రాసి ఉంటే ఆ కాగితం మడిచి లోపల పెట్టకండి. దాని సంగతి కింద చెబుతాను.

ఎండోమెట్రియం అని ఉండి, ఇంట్లో ఇంకెవరికైనా చిన్న వయసులో పెద్దపేగు క్యాన్సర్ వచ్చి ఉంటే అది లించ్ సిండ్రోమ్ అనే, వంశంలో వచ్చే క్యాన్సర్ల జబ్బు కావచ్చు. అండాశయం, రొమ్ము క్యాన్సర్లు ఒకే వంశంలో కనబడితే బీఆర్‌సీఏ జన్యువుల సంగతి చూడాలి. ఆ రెండుచోట్లా వంశపారంపర్యం చాలా బలమైనది, జన్యు పరీక్ష నిజంగా అవసరం. ముఖద్వార క్యాన్సర్ కథ వేరు.

"మా పెద్దమ్మకి కూడా గర్భసంచి తీసేశారు" అని చాలామంది లెక్కలో కలిపేస్తారు. దేశంలో గర్భసంచి ఆపరేషన్లు ఎక్కువగా జరిగేది మన రెండు రాష్ట్రాల్లోనే. తెల్లబట్ట అవుతోందని, నెలసరి ఎక్కువగా అవుతోందని తీయించుకున్నవాళ్లు వీధికి ఇద్దరు ముగ్గురు ఉంటారు. ఆపరేషన్ జరిగినంత మాత్రాన క్యాన్సర్ ఉన్నట్టు కాదు. ఎందుకు తీశారో అడగండి. పెద్దమ్మకు తెలియకపోతే డిశ్చార్జి కాగితం అడగండి.

తర్వాత చుట్టాల్ని అడగండి

అమ్మ, అమ్మమ్మ, పిన్నులు, సొంత అక్కచెల్లెళ్లు అందరినీ అడగాలి. నాన్నవైపు మేనత్తల్ని, నాయనమ్మను వదిలేయకండి, జన్యువుల్లో సగం నాన్న ఇచ్చినవే. ఎవరికి, ఏ భాగంలో, ఏ వయసులో వచ్చిందో మూడూ రాసుకోండి. మేనరికం పెళ్లిళ్లుంటే అదీ రాయండి. రెండువైపుల నుంచీ ఒకే లోపం కలిస్తేనే బయటపడే జబ్బులు కొన్ని ఉన్నాయి. ఫాంకోని ఎనీమియా అనే రక్తం జబ్బు అలాంటిదే, అందులో ఈ తరహా క్యాన్సర్ల ముప్పు ఎక్కువ.

పొగాకు కూడా అడగండి. మా వైపు పల్లెల్లో పెద్దావిడలు చుట్ట నిప్పు లోపలికి పెట్టి అడ్డపొగ తాగేవారు, ఇప్పటికీ కొందరు తాగుతారు. పొగాకు ఈ క్యాన్సర్ ముప్పును పెంచుతుంది. అత్తాకోడళ్లిద్దరికీ వచ్చిందంటే అది రక్తసంబంధం కాదు కదా, ఇంటి అలవాటు కావచ్చు.

వంశం వాటా ఎంత

స్వీడన్‌లో తరాల తరబడి కుటుంబాల రికార్డులు ఉన్నాయి. 1999లో వాటిని తిరగేసి చూస్తే, కన్నతల్లికో తోబుట్టువుకో ఈ జబ్బు గానీ దాని ముందుదశ గానీ ఉన్నవాళ్లకు ముప్పు దాదాపు రెట్టింపు కనిపించింది. పెంచుకున్న తల్లికి ఉంటే మాత్రం పెద్దగా పెరగలేదు. ఒకే ఇల్లు, ఒకే తిండి అయినా పెరగలేదంటే రక్తంలో ఏదో ఉందనే కదా.

ఆ ఏదో ఎక్కువగా ఆరో క్రోమోజోమ్ మీద, హెచ్‌ఎల్‌ఏ అనే జన్యువుల గుంపులో ఉంది. వైరస్ ముక్కల్ని రక్షణ కణాలకు పట్టి చూపించడం వీటి పని. పోలీస్ స్టేషన్‌లో దొంగ ఫొటో అంటించినట్టు అనుకోండి. కొందరి ఫొటో స్పష్టంగా ఉంటుంది, కొందరిది మసగ్గా ఉంటుంది. ఆ గుంపులోని డీఆర్‌బీ1 జన్యువులో 15:01 రకం, డీక్యూబీ1 జన్యువులో 06:02 రకం జంటగా ఉన్నవాళ్లకు ముప్పు కాస్త ఎక్కువ. డీఆర్‌బీ1లో 13:01 రకం ఉన్నవాళ్లకు తక్కువ. పెద్ద పెద్ద అధ్యయనాల్లో పీఏఎక్స్8, సీఎల్‌పీటీఎం1ఎల్ అనే జన్యువుల దగ్గర కూడా చిన్న తేడాలు దొరికాయి. ఒక్కొక్కటి కలిపే ముప్పు కొంచెమే. పైగా ఈ లెక్కల్లో ఎక్కువ భాగం యూరప్, చైనా ఆడవాళ్లవి, మనవాళ్లకు ఉన్నదున్నట్టు అతికించలేం.

అందుకే ఉమ్మి డబ్బాలో పంపితే ముప్పు చెబుతామనే కిట్ల కోసం వేలు పోయొద్దని గట్టిగా చెబుతాను. ఇప్పటికే చేయించుకుని ఉంటే ఇలా చదవండి. "అనిశ్చిత ప్రాముఖ్యం" అన్న అర్థంలో వీయూఎస్ అని ఉంటే దాన్నిబట్టి ఏ నిర్ణయమూ తీసుకోకూడదు. టీపీ53 (క్యాన్సర్‌ను అడ్డుకునే ఒక జన్యువు) కోడాన్ 72 అని ఉంటే కంగారు వద్దు. అది ముప్పు పెంచుతుందని 1998లో పెద్ద చర్చ నడిచింది, తర్వాత ఎన్నో అధ్యయనాల్ని కలిపి చూస్తే నిలబడలేదు. అదే టీపీ53లో పాథోజెనిక్ (జబ్బు తెచ్చే మార్పు) అని రాసి ఉంటే అది పూర్తిగా వేరే సంగతి, జన్యు నిపుణుల దగ్గరికి వెళ్లాలి. బీఆర్‌సీఏ నెగెటివ్ వచ్చిందని ముఖద్వారం పరీక్ష మానేయకండి, రెండింటికీ సంబంధం లేదు.

జన్యు పరీక్ష నిజంగా కావలసిన ఇళ్లు

చాలా తక్కువ. కానీ ఉన్నవాళ్లకు ప్రాణం మీది సంగతి కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను.

అద్దం ముందు, మంచి వెలుతురులో, కింది పెదవి వేలితో కిందికి లాగి చూడండి. తర్వాత నోరు తెరిచి బుగ్గల లోపల చూడండి. పెదవి అంచున, బుగ్గ లోపల గోధుమరంగు నుంచి నలుపు దాకా నువ్వు గింజకన్నా చిన్న చుక్కలు చెదురుగా ఉన్నాయా? పెదవి మీదివి వయసుతో వెలిసిపోతాయి, బుగ్గ లోపలివి ఉండిపోతాయి. అందుకే చిన్నప్పటి ఫొటోలు కూడా చూడమంటాను. ఒక చుక్క ఉందని భయం వద్దు. కానీ అలాంటి చుక్కలతోపాటు, ఇంట్లో పేగుల్లో పాలిప్‌లు (చిన్న కండ గడ్డలు), చిన్నతనంలోనే పేగు పేగులోకి దూరి ఆపరేషన్ అయినవాళ్లు ఉంటే అది ప్యూట్జ్-జెగర్స్ అనే వంశపారంపర్య జబ్బు కావచ్చు. దీనికి మూలం ఎస్‌టీకే11 జన్యువు. ఈ ఇళ్లలో గ్యాస్ట్రిక్ టైప్ ముఖద్వార క్యాన్సర్ ముప్పు ఎక్కువ. పదిమంది ఆడవాళ్లలో ఒకరి దాకా రావచ్చు. దీనికి వైరస్‌తో పని లేదు, కాబట్టి హెచ్‌పీవీ పరీక్ష నెగెటివ్ అని చెప్పి పంపేస్తుంది. ముఖద్వారం కణాల్ని తీసి చూసే పాప్ స్మియర్‌లో కూడా తప్పిపోవచ్చు. నీళ్లలా పలచగా, ఆగకుండా తెల్లబట్ట అవుతుంటే అదే తొలి గుర్తు కావచ్చు. వీళ్లు పాతికేళ్లలోపే గైనకాలజీ డాక్టరు పర్యవేక్షణలోకి రావాలి.

ఇంకొకటి: ఎంత మందు పెట్టినా తగ్గని పులిపిర్లు చేతుల నిండా, మర్మాంగాల దగ్గరా ఉండి, రక్తపరీక్షలో మోనోసైట్లు (ఒక రకం తెల్లకణాలు) ఎప్పుడూ తక్కువ చూపిస్తుంటే జీఏటీఏ2 జన్యువు లోపం ఉందేమో డాక్టర్ని అడగండి. హెచ్‌పీవీని అడ్డుకునే శక్తే తగ్గిపోయే జబ్బు అది.

ఇవేవీ లేని కూతురు ఏం చేయాలి

హెచ్‌పీవీ డీఎన్‌ఏ పరీక్ష చేయించుకోవాలి. ముప్పై దాటితే చాలు, అమ్మకు వచ్చి ఉంటే అసలు వాయిదా వేయకూడదు. సన్నటి బ్రష్‌తో నమూనా తీసి ట్యూబులో వేస్తారు, కొన్నిచోట్ల మనమే తీసుకుని ఇవ్వవచ్చు కూడా. నెగెటివ్ వస్తే మళ్లీ ఐదేళ్ల తర్వాత, కుటుంబ చరిత్ర ఉంటే ఎప్పుడు రావాలో డాక్టరుతో మాట్లాడుకోండి. ఆ పరీక్ష దొరకని ఊళ్లో మా దగ్గర చేసే వీఐఏ ఉంది. ముఖద్వారం మీద పలచని ఎసిటిక్ యాసిడ్ అద్ది, నిమిషం ఆగి చూస్తాం, తేడా ఉన్నచోట తెల్లగా తేలుతుంది. ప్రభుత్వాసుపత్రుల్లో ముప్పై నుంచి అరవై ఐదేళ్ల దాకా ఐదేళ్లకోసారి చేస్తారు. వైరస్ పట్టాక క్యాన్సర్‌గా మారడానికి మామూలుగా పదిహేను ఇరవై ఏళ్లు పడుతుంది. ఆ వ్యవధిలో ఒక్కసారి పట్టుకున్నా ముందుదశలోనే తీసేయవచ్చు. మహారాష్ట్రలో ఉస్మానాబాద్ (ఇప్పటి ధారాశివ్) జిల్లాలో లక్షకు పైగా ఆడవాళ్ల మీద చేసిన అధ్యయనం 2009లో వచ్చింది. జీవితంలో ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేస్తేనే ఈ క్యాన్సర్ చావులు దాదాపు సగానికి తగ్గాయి. ఈ క్యాన్సర్ విషయంలో ఏ జన్యు పరీక్షా ఇప్పటివరకు అంత మేలు చేయలేదు.

అమ్మకు వచ్చిందని, భయంతో ముందే గర్భసంచి తీయించుకోవద్దు. తీసేద్దామని ఎవరైనా తొందరపెడితే, హెచ్‌పీవీ రిపోర్టు ఏదని అడగండి.

ఇంట్లో తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ల పిల్ల ఉంటే హెచ్‌పీవీ టీకా వేయించండి. పుణేలో తయారయ్యే సెర్వావాక్ అనే టీకా 2023లో బజారులోకి వచ్చింది. ఆ వయసులో ఆరు నెలల తేడాతో రెండు డోసులు, పదిహేను దాటితే మూడు. అమ్మమ్మకు ఏ హెచ్‌ఎల్‌ఏ రకం ఉన్నా ఈ టీకా మనవరాలికి పనికొస్తుంది. టీకా వేసుకున్నా ముప్పై వచ్చాక స్క్రీనింగ్‌కు రావాలని ఇప్పుడే దాని టీకా కార్డు వెనక రాసి పెట్టండి.