జాతి కోళ్ల పెంపకం – నాలుగో పాఠం: పిల్ల ఏ పెట్టదో తెలియాలి

మూడో పాఠంలో జత కట్టడం దాకా వచ్చాం. పుంజునూ పెట్టనూ ప్రమాణంతో, అంటే ఆ జాతి పక్షి ఎలా ఉండాలో చెప్పే లెక్కతో, పోల్చి చూసుకున్నారు. ఒకదానిలో ఉన్న లోపం రెండోదానిలో లేకుండా జాగ్రత్తపడి కలిపారు. ఇప్పుడు గుడ్లు వస్తున్నాయి. మొదటి నుంచీ అసిల్ జాతినే ఉదాహరణగా తీసుకున్నాం కాబట్టి దానితోనే ముందుకు వెళ్దాం. కడక్‌నాథ్ పెట్టుకున్నవాళ్లకూ ఇందులో చాలా భాగం పనికొస్తుంది.

పన్నెండు గుడ్లు పెడితే పదకొండు పిల్లలయ్యాయని మురిసిపోవడం నాటుకోళ్లు అమ్ముకునేవాళ్ల లెక్క. షో కోసం పెంచేవాళ్లు ముందు అడగాల్సింది ఆ పిల్ల ఏ పెట్టది అని. ఐదే పిల్లలు వచ్చినా తల్లీ తండ్రీ ఎవరో తెలిస్తే వచ్చే ఏడాది ఏం చేయాలో మీకు తెలుస్తుంది. పదకొండూ వచ్చి ఏది ఎవరిదో తెలియకపోతే, అందులో ఒక పుంజు అచ్చం ప్రమాణంలో చెప్పినట్టే తయారైనా అలాంటిదాన్ని మళ్లీ తీయడం మీ చేతిలో ఉండదు. అందుకే ఈ పాఠంలో ఇంక్యుబేటర్ గురించి ఎంత చెప్తానో పెన్సిల్ గురించీ అంతే చెప్తాను.

ఏ నెలలో పెట్టాలి

అసిల్ నింపాదిగా ఎదిగే జాతి. ఏడాది దగ్గరపడితే గానీ మెడ, ఛాతీ, కాళ్లు నిండుగా తేలవు. సంక్రాంతి సీజన్‌కి పక్షిని నలుగురి ముందు నిలబెట్టాలంటే అంతకుముందు జనవరిలోనో ఫిబ్రవరిలోనో పిల్ల బయటికి రావాలి. అంటే డిసెంబర్ చివరికల్లా గుడ్లు ఇంక్యుబేటర్‌లోకి వెళ్లడం మొదలవ్వాలి. హైదరాబాద్‌లో ఆ రోజుల్లో రాత్రిపూట చలి గట్టిగానే ఉంటుంది, పిల్లలకు బల్బు వెచ్చదనం తప్పదు, కరెంటు బిల్లు కాస్త పెరుగుతుంది. పెరగనివ్వండి. ఏప్రిల్ ఎండలు ముదిరేసరికి వాటికి ఈకలు వచ్చేసి ఉంటాయి.

వేసవి సెలవుల్లో పొదిగిద్దామని చాలామందికి ఉబలాటం. నా మాట వింటే వద్దు. ఇంట్లో వాడే చిన్న ఇంక్యుబేటర్‌కి వేడి చేయడమే వచ్చు, చల్లబరచడం రాదు. మే నెల మధ్యాహ్నం శ్లాబు కింద పై అంతస్తు గదే 39, 40 డిగ్రీలుంటే లోపల 37.5 ఎక్కడి నుంచి వస్తుంది? పైగా ఆ ఎండకి పుంజుల్లో సత్తువ తగ్గి పిల్ల కట్టని వట్టి గుడ్లు ఎక్కువవుతాయి. తప్పదనుకుంటే కింది అంతస్తులో, కిటికీకి దూరంగా, ఏసీ గాలి నేరుగా తగలని చోట పెట్టుకోండి.

గుడ్డు ఎవరిదో

అసిల్ పెట్టలకు ఒకదాన్ని చూస్తే ఒకదానికి పడదు. ఒకే దొడ్లో వదిలితే పొడుచుకుంటాయి. అందుకని పెట్టకొక గది కట్టి, పుంజును రోజు విడిచి రోజు ఒక్కోదాని దగ్గర వదిలేవాళ్లున్నారు. నేను చెప్పేదీ అదే. ఇందులో ఇంకో లాభం ఉంది. ఏ గదిలో దొరికితే ఆ పెట్ట గుడ్డే, సందేహం లేదు. గుంపుగా పెంచే జాతులకైతే పెట్ట లోపలికి వెళ్లగానే తలుపు పడిపోయే ట్రాప్ నెస్ట్ పెట్టాలి, గంటకోసారి వెళ్లి విడిపించాలి. ఉద్యోగం చేసుకునేవాళ్లకు అది కుదిరే పని కాదు.

గుడ్డు తీసిన వెంటనే పక్క భాగం మీద పెట్ట నంబరు, తేదీ పెన్సిల్‌తో రాయండి. స్కెచ్ పెన్, మార్కర్ వద్దు. పెంకుకు సన్నటి రంధ్రాలుంటాయి, సిరా లోపలికి దిగుతుంది. కడగడం కూడా వద్దు. గుడ్డు మీద సహజంగా ఉండే పల్చటి పొర పోతే సూక్ష్మక్రిములకు దారి తెరిచినట్టే. మట్టి అంటిన గుడ్డును కడిగి పొదిగించడం కన్నా ఆమ్లెట్ వేసుకోవడం మేలు. మరీ పొడుగ్గా ఉన్నవి, గుండ్రంగా ఉన్నవి, గరుకు పెంకువి, ఆ పెట్ట మామూలుగా పెట్టే సైజు కన్నా బాగా చిన్నవి పక్కన పెట్టేయండి. గుడ్డు ఆకారం కూడా తల్లి నుంచి కూతురికి వస్తుంది.

పుంజును మార్చినప్పుడు తొందరపడకండి. పాత పుంజు విత్తనం పెట్ట కడుపులో రెండు మూడు వారాలు బతికే ఉంటుంది. పాతదాన్ని తీసేశాక మూడు వారాలు గడిచిన తర్వాత పెట్టిన గుడ్లనే కొత్త పుంజు పేరు మీద రాసుకోవాలి. ఈలోపు వచ్చినవి వంటింట్లోకి.

దాచడానికి 15 నుంచి 18 డిగ్రీలు మంచిది, వారం దాటనివ్వకండి. సన్న కొన కిందికి ఉండాలి. ఫ్రిజ్‌లో పెడితే చలికి పిండం చచ్చిపోతుంది. అలాగని వేడి గదిలో వదిలేస్తే పిండం అరకొరగా ఎదగడం మొదలుపెట్టి నీరసించిపోతుంది. చలికాలంలో ఉత్తరం వైపు గది చాలు. ఎండ పెరిగాక పల్లెల్లో చేసే పద్ధతే ఉంది. వెడల్పు తట్టలో ఇసుక పోసి తడిపి, అందులో మట్టికుండ పెట్టి, కుండలో ఎండుగడ్డి మీద గుడ్లు పెట్టి పల్చటి బట్ట కప్పడం. ఇసుక ఆరకుండా పొద్దునా సాయంత్రం నీళ్లు చల్లాలి.

బయటి నుంచి గుడ్లు తెప్పించుకునేవాళ్లకు రెండు మాటలు. భీమవరం వైపు నుంచి బస్సు పార్సిల్లో వచ్చిన గుడ్డు రాత్రంతా కుదుపులు తినుంటుంది, సన్న కొన కిందికి పెట్టి ఒక రోజు కదపకుండా ఉంచాకే మెషీన్లో పెట్టండి. రెండోది, రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంచాలనాలయం పేరు చెప్పి వనరాజాను "ప్యూర్ జాతి" అని అంటగట్టేవాళ్లున్నారు. వనరాజా అక్కడ తయారైనదే, పెరటికి మంచి కోడే. కానీ అది సంకరం. దాని పిల్లలు దానిలా రావు.

ఇరవై ఒక్క రోజులు

ఫ్యాన్ ఉన్న మెషీన్‌కి 37.5 డిగ్రీలు. ఫ్యాన్ లేనిదైతే గుడ్ల పై అంచు దగ్గర కొలిచి 38.5 దగ్గర పెట్టండి. మెషీన్ మీద కనిపించే అంకెను నమ్మకండి. జ్వరం చూసే థర్మామీటర్ ఒకటి లోపల పెట్టి సరిచూసుకోండి, మనకు కావాల్సిన 37.5 దాని కొలతల్లోనే ఉంటుంది. అరడిగ్రీ తేడా మూడు వారాలు కొనసాగితే పిల్లలు ముందో వెనకో, నీరసంగానో బయటికొస్తాయి. పద్దెనిమిదో రోజు దాకా రోజుకు కనీసం మూడుసార్లు తిప్పాలి. చేత్తో తిప్పేవాళ్లు బేసి సంఖ్యలో తిప్పితే రాత్రి పొడుగునా గుడ్డు రోజూ ఒకే పక్కన పడి ఉండదు. కరెంటు పోతే మూత తెరవకండి. గాలి రంధ్రాలు వదిలి పైన దుప్పటి కప్పండి. గంటా రెండు గంటలకు టెన్షన్ పడాల్సిన పనిలేదు.

తేమ దగ్గరే మన ఊళ్లో అసలు చిక్కు. పుస్తకాల్లో మొదటి పద్దెనిమిది రోజులు 50, 55 శాతం అని ఉంటుంది. ఎండాకాలం గాలి పొడిబారి ఉంటుంది, వానాకాలం గదే చెమర్చినట్టుంటుంది. మెషీన్లో అదే గిన్నె, అవే నీళ్లు పోస్తే రెండు కాలాల్లో రెండు ఫలితాలొస్తాయి. చవక రకం తేమ మీటర్ల మీద నాకు నమ్మకం లేదు. వంటింటి డిజిటల్ తూకం చాలు. గుడ్డు పద్దెనిమిదో రోజుకి బరువులో సుమారు 12 శాతం నీరు కోల్పోవాలి. పన్నెండు గుడ్లు కలిపి 540 గ్రాములున్నాయనుకోండి. తొమ్మిదో రోజుకి 508 దగ్గర, పద్దెనిమిదో రోజుకి 475 దగ్గర ఉండాలి. తొమ్మిదో రోజుకి 520 ఉంటే తేమ ఎక్కువైంది, నీళ్లు తగ్గించండి. పట్టించుకోకపోతే గుడ్డులో గాలి అర చిన్నదై, చివర్లో పిల్ల ఊపిరాడక లోపలే పోతుంది. 495కి పడిపోతే తేమ చాలలేదు, ఇంకో గిన్నె నీళ్లు పెట్టండి. మధ్యలో వట్టి గుడ్లు తీసేస్తే మిగిలిన వాటి మొదటి బరువుతోనే పోల్చాలి, అందుకని పెట్టే రోజే ఒక్కో గుడ్డు బరువూ రాసుకోండి.

ఏడో రోజు రాత్రి లైట్లార్పి టార్చి పెట్టి చూడండి. సాలెగూడులా ఎర్రటి నరాలు, మధ్యలో కదిలే నల్లచుక్క కనిపిస్తే బతికి ఉంది. ఏమీ లేకుండా తేటగా ఉంటే వట్టి గుడ్డు. రక్తం ఉంగరంలా చుట్టుకుని ఉంటే మొదలై చచ్చింది. తీసేసే ముందు నోట్‌బుక్‌లో ఏ పెట్ట పేరు కింద వట్టిదో, ఏ పెట్ట పేరు కింద చచ్చినదో విడిగా రాయాలి. అందరివీ వట్టి గుడ్లయితే పుంజును అనుమానించండి. వేడిలో తేడా లేకున్నా ఒకే పెట్టకి మధ్యలో చచ్చేవి ఎక్కువగా ఉంటే, ఆ జంట రక్తసంబంధం మరీ దగ్గరైందేమో వంశవృక్షం తీసి చూడండి.

పద్దెనిమిదో రోజు తిప్పడం ఆపి, తేమ 65, 70కి పెంచి, ఒక్కో పెట్ట గుడ్లను ఒక్కో వల సంచిలో లేదా మూతున్న చిన్న ప్లాస్టిక్ బుట్టలో విడదీయండి. ఈ ఒక్క పని మానేస్తే ఇప్పటిదాకా పెన్సిల్‌తో రాసిందంతా వృథా. పెంకు పగిలాక ఏ పిల్ల ఏ పెంకులోంచి వచ్చిందో ఎవరూ చెప్పలేరు.

పెంకుకు మొదటి చిల్లు పడ్డాక పిల్ల బయటికి రావడానికి పన్నెండు గంటలైనా, రోజైనా పట్టొచ్చు. ఆత్రంగా పెంకు ఒలవకండి. సాయంతో బయటపడ్డ పిల్లను పెంచుకోవచ్చు గానీ దాని నుంచి వంశం తీయకూడదని నా అభిప్రాయం. అపురూపమైన పెట్టకి మిగిలింది ఆ ఒక్క పిల్లే అయితే ఒలిచి తీసి, పేరు పక్కన ఎర్ర ఇంకుతో రాసుకోండి.

మొదటి రోజే తలను చూడండి

అసిల్‌కి ఉండాల్సింది పీ కోంబ్, అంటే తలకు అంటుకుని మూడు వరుసల్లో ఉండే పొట్టి జుట్టు. రంపపు పళ్లతో నిలబడే ఒంటి జుట్టు ప్రమాణానికి విరుద్ధం. పుట్టిన రోజునే పిల్ల ముక్కు మొదట్లో వేలితో తడిమితే తేడా తెలుస్తుంది. పీ కోంబ్ అయితే వెడల్పుగా, మొద్దుగా ఉంటుంది. ఒంటిదైతే మధ్యలో ఒకే సన్నటి గీత.

కోడి జుట్టు లెక్కను 1902లోనే జన్యుశాస్త్రవేత్త బేట్సన్ తేల్చాడు. పీ కోంబ్‌ది పైచేయి, ఒంటి జుట్టు దాని కింద దాక్కుంటుంది. కాబట్టి రెండు పీ కోంబ్ పక్షులకు ఒక్క ఒంటి జుట్టు పిల్ల పుట్టినా, దోషం తల్లిదండ్రులిద్దరిలోనూ ఉన్నట్టే. ఇప్పుడు బుట్టలు చూడండి. ఒకే పుంజు, రెండు పెట్టలు. రెండో పెట్ట బుట్టలో ఒంటి జుట్టు పిల్ల ఒకటి తేలింది. మొదటి పెట్ట పిల్లలు పదకొండూ పీ కోంబే. పుంజులో, రెండో పెట్టలో దోషం ఖాయం. మొదటి పెట్టలో కూడా ఉండి పదకొండింటిలో ఒక్కటీ బయటపడకుండా ఉండే అవకాశం నూటికి నాలుగు మాత్రమే. అంటే ఆ పెట్ట దాదాపు శుభ్రం. అయినా దాని పిల్లల్లో సగానికి తండ్రి దోషం వచ్చే ఉంటుంది, రెండో పెట్ట పీ కోంబ్ పిల్లల్లో మూడింట రెండొంతులకు ఉంటుంది. గుడ్లన్నీ కలిపేసి ఉంటే పన్నెండు పదిహేను పిల్లల్లో ఒకటి చెడిందన్న సంగతి తప్ప ఇంకేమీ తెలిసేది కాదు.

హైదరాబాద్ ముర్గీ చౌక్ కోళ్ల బజార్లో గానీ సంతలో గానీ జుట్టు కోసేసిన పుంజును కొనొద్దని మొదటి పాఠంలో చెప్పింది ఇందుకే. కోసేసిన తల మీద ఏముండేదో చూడలేం. (పందెం కోసం ఈ పాఠాలు చదువుతున్నవాళ్లెవరైనా ఉంటే, 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద అది నేరం. మన పక్షి బోనులో నిలబడి చూపించుకోవడానికే.)

గుర్తు

పిల్ల ఆరాక, బుట్టలోంచి తీస్తూనే వేళ్ల మధ్య పొరకు టో పంచ్‌తో, అంటే చిన్న చిల్లు పొడిచే పనిముట్టుతో, గుర్తు వేయాలి. ఒక్కో కాలికి వేళ్ల మధ్య రెండు పొరలు, రెండు కాళ్లకూ కలిపి నాలుగు చోట్లు. చిల్లు ఉన్నవీ లేనివీ కలిపి లెక్కేస్తే పదహారు రకాల గుర్తులొస్తాయి. ఒక్కో పెట్ట పిల్లలకు ఒక్కో గుర్తు ఇవ్వండి. ఏ చిల్లూ లేని గుర్తును ఏ పెట్టకూ ఇవ్వకండి, "తెలియదు" అనుకున్న పిల్లలకు అట్టిపెట్టండి.

పిల్ల వీపు మీ ఎడమ అరచేతిలో ఆనాలి. బొటనవేలు, చూపుడువేలితో దాని పాదం విప్పి, పొరను వెలుతురుకు పట్టి చూడండి. నరం కనిపించని చోట, అంచుకు మరీ దగ్గర కాకుండా ఒక్క నొక్కు. తెగిన చిన్న ముక్క పూర్తిగా ఊడిపడిందో లేదో చూడాలి, వేలాడుతూ ఉంటే వారంలో మళ్లీ అతుక్కుని గుర్తు మాయమవుతుంది. పంచ్‌ను ఒక్కో పిల్లకూ ఒక్కోసారి స్పిరిట్‌తో తుడవండి. అదే పూట ముక్కు వంకర, వేళ్ల వంకర, బొడ్డు మూసుకుందా లేదా చూసి రాసేసుకోండి.

మొదటి వారం బల్బు కింద 35 డిగ్రీలు, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గిస్తూ రండి. కొక్కెర తెగులుకు లసోటా టీకా చుక్కలు ఐదు, ఏడు రోజుల మధ్య కంట్లో వేయించాలి. దగ్గర్లోని పశువైద్యుణ్ని ముందే మాట్లాడి పెట్టుకోండి, తెరిచిన సీసా ఎక్కువసేపు నిలవ ఉండదు.

ఐదో పాఠంలో ఎనిమిది వారాల వయసులో మొదటి వడపోత చేస్తాం. దానికి మీ నోట్‌బుక్‌లో ఈ గడులు నిండి ఉండాలి: పెట్ట నంబరు, గుడ్డు పెట్టిన తేదీ, గుడ్డు బరువు, ఏడో రోజు టార్చి ఫలితం, పుట్టిన తేదీ, జుట్టు, కాలి గుర్తు. ఖాళీ గడి ఉంటే ఊహించి నింపకండి, అడ్డగీత కొట్టి వదిలేయండి.