క్లాస్ బ్రావో పక్కన చిన్న విమానం నడిపేవాళ్ళు గీత దాటకుండా ఉండాలంటే

సెస్నా 172లో 2,800 అడుగుల ఎత్తులో వెళ్తున్నా, నెత్తిమీద బ్రావో షెల్ఫ్, అంటే పెద్ద ఎయిర్‌పోర్ట్ చుట్టూ కంట్రోలర్ అనుమతి లేకుండా దూరకూడని గగనతలంలో ఒక మెట్టు, 3,000 దగ్గర మొదలవుతుంది, అంటే నాకు మిగిలింది 200 అడుగులే. పక్క సీట్లో ఫ్రెండ్ "ఆ కింద కనిపించేదేంట్రా" అన్నాడు, రెక్క కాస్త వంచి చూపిస్తున్నా, మధ్యాహ్నం ఎండకి నేల బాగా కాగిపోయి ఉంది, కింద నుంచి గాలి ఒక్కసారి ఎత్తేసింది, తల తిప్పి చూసేసరికి 3,150. వెంటనే దించాను గానీ అప్పటికే కంట్రోలర్ నా కాల్‌సైన్ (రేడియోలో విమానం పేరు) పిలిచి ఎత్తు చూసుకోమన్నాడు. రూల్ తెలియక జరిగింది కాదిది, నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. నేను అసలు తప్పు చేసింది గాల్లో కాదు, ముందురోజు ప్లాన్ వేస్తూ 2,800 అని రాసుకున్నప్పుడే. అందుకే ఇదంతా రాస్తున్నా, అమెరికాలో కొత్తగా ప్రైవేట్ పైలట్ అయినవాళ్ళ కోసం.

ముందు మ్యాప్ సంగతి. బ్రావో అంటే తలకిందులుగా పెట్టిన మెట్ల లాంటిది, ఎయిర్‌పోర్ట్ దగ్గర నేల దాకా ఉంటుంది, దూరం వెళ్ళేకొద్దీ దాని అడుగు పైకి లేస్తుంది. చార్ట్‌లో 100 కింద 30 అని ఉంటే పైన 10,000, కింద 3,000 అని, రెండూ సముద్రమట్టం నుంచి లెక్క. బ్రావోకి తెగని నీలం గీత, అంతకంటే చిన్న ఎయిర్‌పోర్ట్‌ల చుట్టూ ఉండే చార్లీకి తెగని మెజెంటా, ఇంకా చిన్నవాటి డెల్టాకి ముక్కలు ముక్కలుగా నీలం గీత. సెక్షనల్ చార్ట్ 1:500,000 స్కేల్, బ్రావో దగ్గర గీతలన్నీ ఒకదాని మీద ఒకటి పడి కళ్ళు చెదిరిపోతాయి, కాబట్టి 1:250,000 టెర్మినల్ ఏరియా చార్ట్ తీసుకోండి, అందులో రోడ్లు, చెరువులు బాగా తెలుస్తాయి.

ఇంకోటి, జీపీఎస్‌లో డైరెక్ట్ నొక్కితే వచ్చే గీతని నమ్ముకుని వెళ్ళిపోకండి. అది ఏ మెట్టు కిందుగా, ఏ మూల కోసుకుంటూ పోతుందో దానికి పట్టదు. నేనిప్పుడు పక్కకి 2 మైళ్ళు, షెల్ఫ్ కింద 500 అడుగులు వదిలేలా రూట్ గీసుకుంటా. ఇది రూల్ బుక్‌లో ఉన్నది కాదు, నేను పెట్టుకున్నది. అంత వదిలితే కింద కొండలకో టవర్లకో మరీ దగ్గరైపోతాను అనిపిస్తే ఆ దారి వద్దు, చుట్టు తిరిగి వెళ్ళండి లేదా బ్రావో లోపల్నుంచే వెళ్ళడానికి క్లియరెన్స్ (కంట్రోలర్ అనుమతి) అడగండి. పది నిమిషాల ఇంధనం ఎక్కువైతే ఏం పోదు.

ఎత్తు చూపించే ఆల్టిమీటర్ గురించి మాత్రం కాస్త ఆగి చదవండి, ఎందుకంటే ఇక్కడ మీరు ఎంత జాగ్రత్తగా నడిపినా తప్పు జరిగిపోతుంది. బయల్దేరిన చోట అక్కడి గాలి ప్రెషర్ 29.80 అంగుళాలు పెట్టుకున్నారు, వెళ్ళేచోట ప్రెషర్ 30.10 ఉంది, మీరు మార్చలేదు అనుకోండి. తేడా 0.30, అంటే దాదాపు 300 అడుగులు. మీ డయల్ 2,800 చూపిస్తుంటే మీరు నిజానికి 3,100లో ఉన్నారు, సూది కదలకుండా పట్టుకుని మరీ బ్రావోలోకి దూరిపోయారు. రాడార్‌కి జవాబిచ్చే ట్రాన్స్‌పాండర్ ఏమో మీ డయల్‌లో ఏముందో పట్టించుకోకుండా ప్రామాణిక ప్రెషర్ 29.92 లెక్కన ఎత్తు పంపుతుంది, దాన్ని ఏటీసీ (కంట్రోలర్ల) కంప్యూటర్ అక్కడి ప్రెషర్‌తో సరిచేసుకుంటుంది, అందుకని కంట్రోలర్ స్క్రీన్ మీద మీరు 3,100లోనే కనిపిస్తారు. దారిలో దగ్గర్లో ఉన్న ఏటిస్ (ఎయిర్‌పోర్ట్ వాతావరణం చెప్పే రికార్డింగ్) వినండి, కొత్త నంబర్ పెట్టండి, షెల్ఫ్ కిందకి వెళ్ళేముందు ఇంకోసారి చూసుకోండి.

ఇక రేడియో. భయం వల్ల చాలామంది ఆలస్యంగా పిలుస్తారు, అదే కొంప ముంచుతుంది. 110 నాట్స్‌లో వెళ్తుంటే నిమిషానికి దాదాపు 2 మైళ్ళు, గీతకి 4 మైళ్ళ దూరంలో మైక్ నొక్కితే మీ చేతిలో ఉన్నది రెండు నిమిషాలు, ఆ రెండు నిమిషాలూ ఫ్రీక్వెన్సీలో వేరేవాళ్ళే మాట్లాడుతూ ఉండొచ్చు. 15 మైళ్ళ ముందే పిలవండి, ఎవరు, ఎక్కడ, ఎంత ఎత్తు, ఏం కావాలి, అంతే. నోరు తిరగదనుకుంటే మోకాలి మీద పేపర్‌లో రాసుకుని చదవండి, నేనూ చాలాకాలం అలాగే చేశా.

చార్లీ, డెల్టాలకి రెండువైపులా మాట కుదిరితే చాలు. కంట్రోలర్ మీ కాల్‌సైన్ పలికి "స్టాండ్ బై" అన్నా కుదిరినట్టే, లోపలికి వెళ్ళొచ్చు. కాల్‌సైన్ లేకుండా "ఎయిర్‌క్రాఫ్ట్ కాలింగ్, స్టాండ్ బై" అంటే మాత్రం కుదరనట్టే, బయటే ఆగాలి. బ్రావో సంగతి వేరు, అక్కడ మీ కాల్‌సైన్‌తో పాటు "క్లియర్డ్" అనే మాట చెవిన పడాలి. ఫ్లైట్ ఫాలోయింగ్‌లో (కంట్రోలర్ రాడార్ మీద మిమ్మల్ని గమనించే సేవ) ఉన్నారు, కంట్రోలర్‌తో గంట నుంచి మాట్లాడుతున్నారు, రాడార్ కాంటాక్ట్ అన్నాడు, ఇవేవీ క్లియరెన్స్ కావు. హెడింగ్ (వెళ్ళాల్సిన దిక్కు) ఇచ్చాడు, అది నేరుగా బ్రావోలోకి పోతోంది అనిపిస్తే "కన్ఫర్మ్ క్లియర్డ్ ఇంటు బ్రావో" అని అడిగేయండి, ఎవరూ ఏమీ అనుకోరు. జవాబు రాలేదా, గీతకి ఇవతలే ముందే అనుకున్న చెరువు మీదో జంక్షన్ మీదో గుండ్రంగా తిరుగుతూ ఉండండి. ఎటు తిప్పాలో ముందే తెలిసుంటే చెయ్యి వణకదు.

ఇదంతా కాగితాల మీద గీతల గొడవ కాదు. 1986 ఆగస్టు 31న లాస్ ఏంజెలెస్ దగ్గర సెరిటోస్‌లో ఒక చిన్న పైపర్, క్లియరెన్స్ లేకుండా అప్పట్లో టీసీఏ అనే ఎయిర్‌స్పేస్‌లోకి (ఇప్పటి బ్రావో అదే) వెళ్ళి, దిగుతున్న ఏరోమెక్సికో డీసీ-9 జెట్‌ని గుద్దుకుంది. 82 మంది పోయారు, అందులో 15 మంది కింద ఇళ్ళ దగ్గర ఉన్నవాళ్ళు. ఆ పైపర్‌లో ఎత్తు పంపే మోడ్ సి లేదు. ఇవాళ బ్రావో మెయిన్ ఎయిర్‌పోర్ట్ చుట్టూ 30 మైళ్ళలో మోడ్ సి అడుగుతున్నారన్నా, పెద్ద విమానాల్లో గుద్దుకోకుండా హెచ్చరించే టీకాస్ ఉందన్నా ఆ ప్రమాదమే పెద్ద కారణం. షెల్ఫ్ అంచున వెళ్తున్నప్పుడు పైనే జెట్ దిగుతూ ఉండొచ్చన్నది గుర్తుంటే 200 అడుగుల మార్జిన్ ఎంత తక్కువో అర్థమవుతుంది. ఆ కొద్దిసేపు పక్కనున్న మనిషిని మాట్లాడొద్దని ముందే చెప్పండి, నేనైతే ఎక్కేముందే చెప్తున్నా ఇప్పుడు.

అయినా దాటేశారు అనుకోండి. ముందు విమానం నడపండి, దగ్గర దారిలో బయటికి రండి, ఫ్రీక్వెన్సీలో వాదించకండి. కంట్రోలర్ ఫోన్ నంబర్ ఇస్తే రాసుకోండి, దిగాక చూసుకోవచ్చు. తర్వాత 10 రోజుల లోపు నాసా ఏఎస్ఆర్ఎస్ (పైలట్లు తమ పొరపాట్లు తామే చెప్పుకునే భద్రతా వ్యవస్థ) రిపోర్ట్ పంపండి, ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది. కావాలని చేసింది కాకుండా, ప్రమాదమో నేరమో కాకుండా ఉంటే, గత 5 ఏళ్ళలో మీ మీద ఉల్లంఘన తేలకపోతే, తప్పు రికార్డయినా జరిమానా గానీ లైసెన్స్ సస్పెన్షన్ గానీ వెయ్యరు. రిపోర్ట్ అందినట్టు వచ్చే రుజువు పారేయకండి, అవసరమైతే చూపించాల్సింది అదే. నన్ను ఎత్తు చూసుకోమన్నారు తప్ప నంబర్ ఇవ్వలేదు, అయినా ఆ రాత్రే కూర్చుని రిపోర్ట్ రాశా, రాస్తుంటేనే ఆ 2,800 ఎందుకు రాసుకున్నానో తెలిసొచ్చింది, కింద దృశ్యం బాగుంటుందని కూడా కాదు, ముందు వెళ్ళినవాళ్ళు అంతే ఎత్తులో వెళ్ళారని. ఇప్పుడు అదే రూట్‌లో 2,500కే వెళ్తున్నా.