ఫైబర్ వచ్చింది, నెట్ సరిగా రావట్లేదు: తప్పు ఎక్కడుందో పట్టుకోవడం ఎలా?

కొత్తగా ఫైబర్ కనెక్షన్ పెట్టించుకున్నాక నెట్ రాకపోతే ఎవరికైనా టెన్షనే. వెంటనే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసేస్తాం. ఓ పది నిమిషాలు ఆగి, ముందు తప్పు ఎటువైపు ఉందో చూసుకోండి. బయటి నుంచి గోడ దాటి ఓఎన్‌టీ దాకా వచ్చేది గాజు తీగ, అందులో నడిచేది కాంతి. ఓఎన్‌టీ అంటే ఫైబర్ వచ్చి గుచ్చుకునే చిన్న డబ్బా. చాలా ఇళ్లలో వైఫై రౌటర్ కూడా అందులోనే కలిసి ఉంటుంది. అక్కడి నుంచి మీ టీవీ, లాప్‌టాప్, ఫోన్ దాకా వెళ్లేది ల్యాన్ కేబులో వైఫైయో. ఫైబర్ వైపు తప్పుంటే టెక్నీషియన్ రావాల్సిందే. ఇంటి వైపు ఉంటే చాలావరకు మనమే సరిచేసుకోవచ్చు. ఎటువైపో ఓఎన్‌టీ మీది లైట్లే చెబుతాయి.

ఎల్‌ఓఎస్ దగ్గర ఎర్ర లైట్ వెలుగుతోంది

ఎల్‌ఓఎస్ అంటే 'లాస్ ఆఫ్ సిగ్నల్', కాంతి డబ్బా దాకా రావట్లేదని అర్థం. ఇక రీస్టార్ట్‌లు, రీసెట్‌లు అనవసరం. రీసెట్ కొడితే లోపలి సెట్టింగులు కూడా పోయి పని రెండింతలవుతుంది. డబ్బా దగ్గర మొదలుపెట్టి కేబుల్ ఎటు వెళ్లిందో చూసుకుంటూ నడవండి. తలుపు సందులో నలిగిందా, సోఫా కాలి కింద పడిందా, మూల దగ్గర మడత పడిందా, కేబుల్ టై మరీ బిగించారా? గాజు తీగ తెగకపోయినా, గట్టిగా వంగితే చాలు, ఆ వంపు దగ్గర కాంతి బయటికి పోతుంది. ఇళ్లలో వాడే జీ.657 రకం ఫైబర్‌లో ఏ1 అయితే 10 మిల్లీమీటర్లు, ఏ2 అయితే 7.5 మిల్లీమీటర్ల వ్యాసార్థం దాకా వంపు ఓర్చుకుంటుంది. పాత జీ.652 రకానికి 30 మిల్లీమీటర్లు కావాలి. మీ ఇంట్లో ఏది వేశారో తెలియదు కాబట్టి 30 లెక్కనే పాటించండి. మిగిలిన కేబుల్‌ను అరచేతి కన్నా చిన్న చుట్టగా చుట్టొద్దు.

కేబుల్ బాగానే ఉంటే కనెక్టర్ చూడండి. ఆకుపచ్చ కనెక్టర్ కొసను 8 డిగ్రీల ఏటవాలుగా అరగదీస్తారు. నీలం రంగుదానికి ఆ ఏటవాలు ఉండదు. రెండూ ఒకే సాకెట్‌లో దూరతాయి, టక్కుమని బిగుసుకుంటాయి కూడా. కానీ కొసలు ఒకదానికొకటి సరిగ్గా ఆనవు, మధ్యలో ఖాళీ మిగిలి కాంతి పోతుంది. కాబట్టి ఆకుపచ్చకు ఆకుపచ్చే, నీలానికి నీలమే.

దుమ్మును తేలిగ్గా తీసుకోవద్దు. కాంతి నడిచే భాగం వెడల్పు 9 మైక్రాన్ల చుట్టూనే, కంటికి కనపడని నలుసు కూడా దారి మూసేస్తుంది. కొసను వేలితో ముట్టుకోవద్దు, నోటితో ఊదొద్దు. ఫైబర్ శుభ్రం చేసే పెన్ను గానీ, నూగు రాలని బట్టకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడి గానీ వాడాలి. ముఖ్యమైన సంగతి: ఫైబర్ కొసలోకి కన్ను పెట్టి చూడకండి. ఒకే ఫైబర్‌ను చాలా ఇళ్లకు పంచే జీపాన్ పద్ధతి కనెక్షన్‌లో ఇంటికి వచ్చే కాంతి 1490 నానోమీటర్లది. అది కంటికి కనపడదు, కనపడట్లేదంటే లేదని కాదు. పిల్లలున్న ఇంట్లో మూత పెట్టకుండా కొసను వదిలేయొద్దు.

ఎర్ర లైట్ లేదు, కానీ పాన్ లైట్ ఆగకుండా మిణుకుమంటోంది

పాన్ లైట్ కంపెనీతో డబ్బా కలిసిందో లేదో చూపిస్తుంది. అది మిణుకుమంటే కాంతి వస్తోంది, కానీ అవతల కంపెనీ వైపున్న పెట్టె మీ డబ్బాను ఇంకా గుర్తుపట్టలేదు. కొత్త కనెక్షన్‌లోనూ, ఓఎన్‌టీ మార్చినప్పుడూ ఎక్కువగా ఇదే జరుగుతుంది. డబ్బా కింద అతికించిన సీరియల్ నంబర్ కంపెనీ సిస్టమ్‌లో ఎక్కి ఉండదు. ఫోన్ చేసి ఆ నంబర్ చదివి వినిపిస్తే చాలా సార్లు ఇంటికి ఎవరూ రాకుండానే పని అయిపోతుంది.

నంబర్ సరిగ్గానే ఉన్నా నిలవట్లేదంటే కాంతి బలం చూడాలి. ఓఎన్‌టీ సెట్టింగుల పేజీలో ఆప్టికల్ లేదా పాన్ స్టేటస్ అన్న చోట ఆర్ఎక్స్ పవర్ (డబ్బాకు అందే కాంతి బలం) అని ఒక అంకె డీబీఎం లెక్కలో కనిపిస్తుంది. అది మైనస్‌లో ఉంటుంది, కంగారు పడొద్దు. ఒకే ఫైబర్‌ను 32 ఇళ్లకు పంచే స్ప్లిటర్ ఒక్కటే దాదాపు 17 డీబీ (కాంతి నష్టాన్ని కొలిచే లెక్క) తినేస్తుంది. మైనస్ 15 నుంచి మైనస్ 25 డీబీఎం మధ్య ఉంటే నిశ్చింతగా ఉండొచ్చు. మామూలు జీపాన్ డబ్బాలకు మైనస్ 27 హద్దు. దాని దగ్గరికి వచ్చేసరికి కనెక్షన్ వస్తూ పోతూ ఉంటుంది.

కనెక్షన్ ఇచ్చిన రోజే ఆ పేజీని ఫోటో తీసి దాచుకోండి. ఇంతకన్నా పనికొచ్చే సలహా నా దగ్గర లేదు. ప్రతి 3 డీబీ తగ్గుదలకూ కాంతి సగమవుతుంది. మొదటి రోజు మైనస్ 19 ఉన్నది ఇప్పుడు మైనస్ 25 చూపిస్తే, వచ్చే కాంతి నాలుగో వంతుకు పడిపోయిందన్నమాట. ఎక్కడో వంపో, దుమ్మో, వదులైన జాయింటో ఉంది. పాత అంకె చేతిలో ఉంటే టెక్నీషియన్‌తో వాదన అక్కర్లేదు.

లైట్లన్నీ బాగున్నాయి, నెట్ లేదు

సెట్టింగుల పేజీలో వ్యాన్ ఐపీ (కంపెనీ వైపు నుంచి మీకు వచ్చే నెట్ చిరునామా) దగ్గర 0.0.0.0 అని ఉంటే లాగిన్ జరగలేదు. పీపీపీఓఈ (కంపెనీ నెట్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, కంపెనీ తన లైన్‌కు పెట్టుకున్న వీల్యాన్ నంబర్ కంపెనీని అడిగి సరిచూసుకోండి. సొంత రౌటర్ పెట్టుకున్నవాళ్లు ఓఎన్‌టీ నుంచి వచ్చే కేబుల్‌ను రౌటర్ వ్యాన్ పోర్టులోనే గుచ్చారో లేదో చూడాలి. డబ్బా, రౌటర్ రెండూ 192.168.1.1 చిరునామా మీదే ఉంటే ఒకదానితో ఒకటి తగువులాడతాయి, అప్పుడు రౌటర్ చిరునామా మార్చండి. నెట్ వస్తోంది కానీ బయటి నుంచి ఇంటి కెమెరా తెరుచుకోవట్లేదంటే, రెండు రౌటర్లు వరుసగా ఉండటం ఒక కారణం కావచ్చు. ఓఎన్‌టీని బ్రిడ్జ్ మోడ్‌లో (రౌటర్ పని మానేసి నెట్‌ను మీ రౌటర్‌కు అలాగే అందించేలా) పెట్టమని కంపెనీని అడగండి.

ప్లాన్ 300, స్పీడ్ మాత్రం 95 దాటట్లేదు

నాకు బాగా నచ్చే సమస్య ఇది, ఎందుకంటే అంకే కారణం చెప్పేస్తుంది. స్పీడ్ ఒకసారి 60, ఒకసారి 180 అంటూ ఊగుతుంటే వైఫైని అనుమానించాలి. కేబుల్ పెట్టి ఎప్పుడు చూసినా 93 నుంచి 95 ఎంబీపీఎస్ దగ్గరే ఆగుతోందంటే దారిలో ఎక్కడో లింక్ 100 ఎంబీపీఎస్‌కు దిగిపోయింది.

ల్యాన్ కేబుల్‌లో ఎనిమిది తీగలు, నాలుగు జతలు. 100 ఎంబీపీఎస్‌కు రెండు జతలు చాలు: 1, 2, 3, 6 పిన్నులు. గిగాబిట్‌కు ఎనిమిదీ కావాలి. 4, 5, 7, 8 లో ఒక్క తీగ సరిగా ఆనకపోయినా పరికరాలు చాలావరకు 100కు సర్దుకుపోతాయి. నెట్ ఆగదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు, కేబుల్‌లో లోపంతోనే రోజులు గడిచిపోతాయి.

ముందుగా ఓఎన్‌టీ పక్కనే లాప్‌టాప్ పెట్టి, పొట్టి కేబుల్‌తో నేరుగా గుచ్చి చూడండి. అక్కడ 300 వస్తే తప్పు గోడలోంచి వెళ్లిన కేబుల్‌ది. అక్కడా 95 అయితే పోర్టు మార్చండి. కొన్ని డబ్బాల్లో ఒక్క పోర్టే గిగాబిట్, మిగిలినవి 100. పోర్టు మార్చినా అంతే అయితే ఆ పొట్టి కేబుల్‌ను, లాప్‌టాప్ పోర్టును కూడా చూడండి.

గోడ కేబుల్ మీద అనుమానం ఉంటే మార్చేముందు దాని ప్లగ్గును టార్చి వెలుగులో పట్టుకోండి. అది పారదర్శకంగానే ఉంటుంది. ఎనిమిది తీగల రాగి మొనలూ ముందు గోడకు ఆనుకుని వరుసగా మెరుస్తూ కనపడాలి. ఒకటి వెనకబడిందంటే దొంగ దొరికినట్టే. కేబుల్ పై తొడుగు కూడా ప్లగ్గు నొక్కు కిందికి వచ్చి ఉండాలి. లేకపోతే లాగినప్పుడల్లా బరువంతా సన్నని తీగల మీదే పడుతుంది. ప్లగ్గు కోసేసి మళ్లీ క్రింప్ చేయించండి, అంటే కొత్త ప్లగ్గు నొక్కి బిగించడం. ప్లగ్గులో తీగల రంగులకు టీ568బీ అనే వరుస ఇది: నారింజ-తెలుపు, నారింజ, ఆకుపచ్చ-తెలుపు, నీలం, నీలం-తెలుపు, ఆకుపచ్చ, గోధుమ-తెలుపు, గోధుమ. రెండు కొసలకూ ఇదే వరుస. తీగ జతల మెలికను 13 మిల్లీమీటర్లకు మించి విప్పొద్దు.

కొత్తగా కేబుల్ వేయించేటప్పుడు పూర్తి రాగిదే అడగండి. అల్యూమినియం మీద రాగి పూత వేసినవి వంగితే తొందరగా విరుగుతాయి, గోడలోకి వెళ్లాక మార్చడం నరకం. క్యాట్ 5ఈ కూడా 100 మీటర్ల దాకా గిగాబిట్ మోస్తుంది. గోడ పగలగొట్టి వేసేదైతే క్యాట్ 6 వేయడం మేలు.

పడకగదిలో వైఫై అందట్లేదు

కేబుల్ ఇంట్లోకి వచ్చిన మూలలోనే డబ్బా బిగించేసి వెళ్లిపోవడం అసలు కారణం. కాంక్రీట్ గోడలు, ఇనుప బీరువా, ఫ్రిజ్, పెద్ద అద్దం సిగ్నల్‌ను బాగా అడ్డుకుంటాయి. ఫైబర్‌లో నష్టం కిలోమీటరుకు 0.35 డీబీ అటూఇటూ మాత్రమే. అందుకే ఇన్‌స్టాల్ చేసే రోజే, ఇంకో 20 మీటర్లు లాగి ఇంటి మధ్యలో పెట్టమని గట్టిగా అడగండి. బిగింపు అయిపోయిందా, మధ్య గదికి ల్యాన్ కేబుల్ లాగి రెండో యాక్సెస్ పాయింట్ (వైఫై పంచే డబ్బా) పెట్టుకోండి. వైఫైతోనే అందుకుని వైఫైతోనే పంచే చవక రిపీటర్లు స్పీడ్‌ను సగం చేస్తాయి.

పైపులో కేబుల్ కదలట్లేదు

కనెక్టర్ ఉన్న కేబుల్‌ను సన్నని పైపులోంచి లాగకూడదు. కొస కోసేసి, ఉత్త కేబుల్ లాగి, లోపల స్ప్లైస్ చేయించాలి, అంటే గాజు తీగల కొసలు కలిపి అతికించడం. కొసలు కరిగించి బాగా అతికించిన ఫ్యూజన్ స్ప్లైస్‌లో నష్టం 0.1 డీబీ కూడా ఉండదు. చేత్తో బిగించే ఫాస్ట్ కనెక్టర్‌లో అంతకన్నా ఎక్కువ పోతుంది. కరెంటు వైర్లున్న పైపులో ల్యాన్ కేబుల్ వేయొద్దు. ఫైబర్ అయినా సరే, బయటి నుంచి వచ్చే కేబుల్‌లో ఉక్కు తీగ ఉండొచ్చు కాబట్టి అక్కడ వద్దు. గోడకు వేసే రంధ్రం బయటి వైపుకు కాస్త వాలుగా ఉండాలి, లేకపోతే వాన నీరు కేబుల్ వెంట లోపలికి దిగుతుంది.

వస్తూ పోతూ ఉంది

నెట్ పోయిన ఆ నిమిషంలోనే డబ్బా వైపు చూడండి. అన్ని లైట్లూ ఆరి మళ్లీ వెలిగితే అడాప్టర్‌దో కరెంటుదో తప్పు. అంతే వోల్టేజీ, అంతకు తగ్గని ఆంపియర్లు ఉన్న అడాప్టర్ పెట్టి చూడండి. ఎల్‌ఓఎస్ ఒక్కటే ఎర్రబడితే ఫైబర్ జాయింట్. వాన పడ్డప్పుడే అలా అవుతుంటే బయటి పెట్టెలోకి నీళ్లు చేరి ఉండొచ్చు. ఏ లైటూ మారకుండా ఫోన్‌లో మాత్రం నెట్ పోతే కేబుల్‌తో లాప్‌టాప్ పెట్టి చూడండి. అందులో నెట్ నిలబడితే వైఫై ఛానల్ మార్చండి. 2.4 గిగాహెర్ట్జ్‌లో 1, 6, 11 ఈ మూడే ఒకదాని మీద ఒకటి పడవు. సాయంత్రాలు మాత్రమే, కేబుల్ మీద కూడా స్పీడ్ పడిపోతుంటే అది కంపెనీ వైపు రద్దీ. పగలు ఒకసారి, రాత్రి ఒకసారి తీసిన స్పీడ్ టెస్ట్ స్క్రీన్‌షాట్‌లు పెట్టి, ఆర్ఎక్స్ పవర్ అంకెతో సహా ఫిర్యాదు రాయండి.