పల్చటి ఇంజన్ ఆయిల్ కాలం ఇది: మీ బండికి ఏ డబ్బా కొనాలో ఇలా తేల్చుకోండి

ముందు బానెట్ ఎత్తి, ఆయిల్ పోసే మూత మీద ఏం రాసి ఉందో చూడండి. చాలా బండ్లకి అక్కడే 0డబ్ల్యు-20 అనో 5డబ్ల్యు-30 అనో అచ్చు వేసి ఉంటుంది. లేకపోతే మాన్యువల్ చివర్లో స్పెసిఫికేషన్ల పేజీలో దొరుకుతుంది. ఎవరు ఎంత నమ్మకంగా చెప్పినా ఆ ఒక్క లైను చదవకుండా ఆయిల్ కొనొద్దు. నేను ఒకసారి ఆ తప్పు చేశాను. "చిక్కగా ఉంటేనే ఇంజన్‌కి బలం సార్" అని మెకానిక్ అంటే సరేనని, 0డబ్ల్యు-20 అడిగే ఇంజన్‌లో 20డబ్ల్యు-50 పోయించాను. మర్నాడు పొద్దున స్టార్ట్ చేయగానే టైమింగ్ చైన్ వైపు నుంచి రెండు మూడు సెకన్లు గరగరమని చప్పుడు. వారం రోజులు టెన్షన్ పడి, చివరికి ఆ ఆయిల్ మొత్తం దించేసి మూత మీద ఉన్న గ్రేడే పోయిస్తే చప్పుడు ఆగింది.

ఇప్పుడు ఆ అంకెల సంగతి. డబ్ల్యు అంటే వింటర్. దాని ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది, వెనకున్నది ఇంజన్ బాగా వేడెక్కాక ఎంత చిక్కదనం మిగులుతుందో చెబుతుంది. 0డబ్ల్యు-20, 5డబ్ల్యు-20 రెండూ వేడి మీద ఒకే తరగతి ఆయిళ్లు, తేడా అంతా చల్లటి స్టార్ట్‌లోనే. కాబట్టి "0 అంటే నీళ్లలా ఉంటుంది" అనే భయం అక్కర్లేదు. మీరు చూడాల్సింది వెనక అంకె. 150 డిగ్రీల వేడిలో, బేరింగుల మధ్య నలిగేటప్పుడు ఆయిల్ పొర ఎంత నిలబడుతుందో కొలిచే పరీక్ష ఒకటుంది, దాన్ని హెచ్‌టీహెచ్‌ఎస్ అంటారు. ఈ గ్రేడులు నిర్ణయించే ఇంజినీర్ల సంస్థ ఎస్‌ఏఈ లెక్కలో ఇది (మిల్లీపాస్కల్-సెకన్లలో) 30 గ్రేడుకి కనీసం 2.9, 20కి 2.6, 16కి 2.3, 8కి 1.7 ఉండాలి. 16 గ్రేడు 2013లో, 12, 8 గ్రేడులు 2015లో ఆ పట్టికలో చేరాయి.

ఎందుకింత పల్చన చేస్తున్నారంటే, ఇంజన్ తిరిగేటప్పుడు ఆయిల్‌ని నెట్టుకుంటూ, పంపు చేసుకుంటూ పోవడానికే కొంత ఇంధనం ఖర్చవుతుంది. ఒక్క బండికి అది చిన్న శాతమే, కానీ లక్షల బండ్లు అమ్మే కంపెనీకి మైలేజీ, పొగ నిబంధనల లెక్కలో అదే పెద్ద అంకె. కొత్త ఇంజన్లను దానికి తగ్గట్టే కట్టారు, పంపు, బేరింగుల పూత, లోపలి నునుపు అన్నీ ఆ పల్చదనాన్ని దృష్టిలో పెట్టుకునే చేశారు. పాత ఇంజన్ అలా కట్టింది కాదు. అందుకే మాన్యువల్ 5డబ్ల్యు-30 అన్న పాత బండిలో మైలేజీ ఆశతో 0డబ్ల్యు-16 పోయొద్దు.

గ్రేడు వేరు, స్టాండర్డు వేరు. ఇక్కడే చాలామంది తికమక పడతారు. గ్రేడు చిక్కదనం, స్టాండర్డు నాణ్యత. పెట్రోల్ కార్లకి 2020 మే నుంచి ఉన్నది అమెరికా పెట్రోలియం సంస్థ ఏపీఐ పెట్టిన ఎస్‌పీ, దానికి జోడీగా కార్ల కంపెనీల కమిటీ ఇల్సాక్ పెట్టిన జీఎఫ్-6. 2025 మార్చి 31 నుంచి ఏపీఐ ఎస్‌క్యూ, ఇల్సాక్ జీఎఫ్-7 వచ్చాయి. టర్బో, డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లలో తక్కువ స్పీడులో ఎక్కువ లోడు పడ్డప్పుడు, స్పార్క్ కంటే ముందే ఇంధనం అంటుకుని పిస్టన్ పగిలేంత దెబ్బ తగిలే ప్రమాదం ఉంది. దాన్ని ఎల్‌ఎస్‌పీఐ అంటారు. ఎస్‌పీలో కొత్త ఆయిల్‌తోనే ఈ పరీక్ష చేసేవాళ్లు, ఇప్పుడు వాడి పాతబడిన ఆయిల్ కూడా దాన్ని తట్టుకోవాలి. నాకైతే ఈ మార్పు చాలా నచ్చింది, మన ఇంజన్‌లో ఎక్కువ కాలం ఉండేది పాతబడిన ఆయిలే కదా. మాన్యువల్ ఎస్‌పీ అని గానీ, అంతకు ముందటి ఎస్‌ఎన్ అని గానీ అడిగినా ఎస్‌క్యూ నిశ్చింతగా పోయొచ్చు, గ్రేడు మాత్రం మాన్యువల్ చెప్పిందే ఉండాలి. ఎస్‌క్యూ అడిగిన బండిలో పాతది పోయకూడదు.

షాపులో డబ్బా తిప్పి చూడండి. వెనక గుండ్రటి ముద్రలో పైన ఏపీఐ సర్వీసు అక్షరాలు, మధ్యలో గ్రేడు ఉంటాయి. ముందు వైపు పళ్ల చక్రంలా ఉండే స్టార్‌బర్స్ట్ గుర్తుంటే అది జీఎఫ్-6ఏ లేదా 7ఏ. డాలు ఆకారంలో ఉండే షీల్డ్ గుర్తు 0డబ్ల్యు-16 కోసమే, అంటే 6బీ లేదా 7బీ. స్టార్‌బర్స్ట్ అడిగిన బండికి షీల్డ్ డబ్బా పనికిరాదు. యూరప్ కంపెనీల బండ్లయితే ఆ కంపెనీ సొంత అప్రూవల్ నంబరే ముఖ్యం. ఫోక్స్‌వ్యాగన్ 508 00 అనేది పల్చటి 0డబ్ల్యు-20, పచ్చ రంగులో ఉంటుంది, 504 00 అడిగే ఇంజన్‌లో దాన్ని పోయకూడదు. డబ్బా మీద "అప్రూవ్డ్" అని ఉందా, "సరిపోతుంది" అని తయారీదారు తనే రాసుకున్నాడా అన్నది కూడా చూడండి, రెండూ ఒకటి కాదు.

మరి చిక్కటిది ఎప్పుడూ పోయకూడదా? పోయొచ్చు, మాన్యువల్ దారి ఇస్తే. టొయోటా 0డబ్ల్యు-16 బండ్ల మాన్యువల్స్‌లో, అది దొరక్కపోతే 0డబ్ల్యు-20 పోయండి, కానీ వచ్చే సర్వీసులో మళ్లీ 16కి మారండి అని ఉంటుంది. ఎక్కువ స్పీడు, ఎక్కువ బరువు ఉన్నప్పుడు కొంచెం చిక్కటిది మేలు కావచ్చని కూడా రాస్తారు. 2025 ఏప్రిల్‌లో జనరల్ మోటార్స్ తన 6.2 లీటర్ల వీ8 ఇంజన్లను రీకాల్ చేసినప్పుడు, తనిఖీలో బాగున్నాయని తేలిన వాటికి 0డబ్ల్యు-20 బదులు 0డబ్ల్యు-40 పోసి, ఆయిల్ మూత కూడా కొత్త గ్రేడుతో మార్చింది. అక్కడ అసలు లోపం క్రాంక్‌షాఫ్ట్, కనెక్టింగ్ రాడ్ల తయారీలో ఉంది, ఆయిల్‌లో కాదు. దాన్ని చూపించి పల్చటి ఆయిళ్లన్నీ చెడ్డవనడం తప్పు.

బైకులో కారు 0డబ్ల్యు-20 అస్సలు పోయొద్దు. చాలా బైకుల్లో క్లచ్ కూడా అదే ఆయిల్‌లో మునిగి ఉంటుంది, రాపిడి తగ్గించే మందులు కలిపిన ఆయిల్ పోస్తే క్లచ్ జారుతుంది. డబ్బా మీద జపాన్ ప్రమాణం జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉన్నదే తీసుకోండి. భారీ డీజిల్ ఇంజన్లకి పీసీ-12 పేరుతో సిద్ధమవుతున్న కొత్త తరగతికి 2027 జనవరి గడువు పెట్టుకున్నారు. 15డబ్ల్యు-40 మీద నడిచే పాత డీజిల్‌కి దానివల్ల గ్రేడు మార్చాల్సిన పని లేదు.

పోశాక డిప్‌స్టిక్ అలవాటు చేసుకోండి, పల్చటి ఆయిల్‌తో ఇది ఇంకా ముఖ్యం. సమతలంగా ఉన్న చోట బండి ఆపి, కొన్ని నిమిషాలు ఆగి, స్టిక్ తీసి తుడిచి, మళ్లీ పెట్టి తీయండి. మట్టం తగ్గితే అదే గ్రేడు కొద్దికొద్దిగా కలపండి. పెరిగిందా? వాసన చూడండి. ఇంజన్ పూర్తిగా వేడెక్కని చిన్న చిన్న ప్రయాణాల్లో, ముఖ్యంగా డైరెక్ట్ ఇంజెక్షన్ బండ్లలో, పెట్రోల్ ఆయిల్‌లోకి దిగి అసలే పల్చగా ఉన్నదాన్ని ఇంకా పల్చన చేస్తుంది. పెట్రోల్ వాసన గట్టిగా వస్తుంటే సర్వీసు తేదీ కోసం ఎదురు చూడకుండా ఆయిల్, ఫిల్టర్ రెండూ మార్పించండి.